వికెన్ చిత్తడినేల – కీటకసంగ్రాహకులు

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు ఈశాన్యమున, వికెన్ అను పల్లె నానుకొని, జమ్మును తుంగయు దట్టముగా పెరిగిన చిత్తడినేల యొకటి కలదు. పదునేడవ శతాబ్దమున హాలండు దేశపు ఇంజనీరు వెర్మూడెన్ మొదలగువారు కాలువలు త్రవ్వించి తూర్పు ఇంగ్లండులోని నీటినేలలను సాగులోనికి తెచ్చుచుండగా, ఇంటికప్పులకు తుంగను, పొయ్యిలోనికి పీట్ అను నల్లని మంటిగడ్డలను పల్లెవారు కోసికొనుచు వచ్చిన ఈ నేల నాగలికి లొంగక మిగిలెను.

1828లో కేంబ్రిడ్జిలో చేరిన చార్లెసు డార్విను మతాచార్యవృత్తికై చదువవచ్చినవాడే యైనను, జ్ఞాతియగు విలియం డార్విన్ ఫాక్సు సాంగత్యమున పెంకుపురుగుల వ్యామోహమున పడి, చిత్తడినేలలనుండి జమ్ము మోసికొనివచ్చు పడవల అడుగున మిగిలిన చెత్తను సేకరించుటకు కూలివానిని సైతము నియమించెను. ఒకనాడు రెండు చేతులలోను రెండు పురుగులుండగా మూడవది కనబడుటతో, చేతిలోని దాని నొకదానిని నోట నుంచుకొనెనట. అది చిమ్మిన ఘాటురసమునకు నాలుక మండి, నోటిదియు, మూడవదియు గూడ చేజారినవి. ఇంతటి యాశ లేనివానికి కీటకశాస్త్రము పట్టుబడదని నా నమ్మకము.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వికెన్ సంగ్రాహకులకు యాత్రాస్థలమయ్యెను. వేసవిరాత్రులందు తెల్లని దుప్పటి నెత్తిగట్టి, దాని ముందు దీపము వెలిగించి, కాంతికి మూగు రెక్కపురుగులను పట్టి, చంపి, సూదిగ్రుచ్చి పెట్టెలలో నమర్చుట వారి పద్ధతి. ఇట్టివారివలననే జీవజాతులు నశించెనను అపవాదము సగపాలు మాత్రమే న్యాయము. లార్జికాపర్ అను రాగివన్నె సీతాకోకచిలుక ఇంగ్లండున అంతరించుటకు వలలకంటె కాలువలే ఎక్కువ కారణము. దాని నివాసములలో ముఖ్యమైన విట్టిల్సీ సరస్సు 1851లో ఎండగట్టబడెను.

వికెన్‌ను కాపాడినవారిలోను సంగ్రాహకుడొకడు కలడు. 1899లో నేషనల్ ట్రస్టు అను సంరక్షణసంస్థ ఇచట 2 ఎకరముల నేలను 10 పౌన్లకు కొనగా, 1901లో మరికొంత భూమి నిచ్చిన చార్లెసు రాత్స్‌చైల్డు కీటకములకై జీవితము నర్పించినవాడు. 1896 నుండి బొంబాయిని పీడించిన ప్లేగును వ్యాపింపజేయు, ఎలుకల మేనిపై బ్రతుకు సన్నని దుముకుడుపురుగునకు 1903లో శాస్త్రీయనామ మిచ్చినవాడు ఆయనయే.

పిమ్మట విశ్వవిద్యాలయమువారు పట్టుటతో పాటు పరీక్షించుటయు నారంభించిరి. జంతుశాస్త్రాచార్యుడు స్టాన్లీ గార్డినరు 1923 నుండి వికెన్ జీవజాలమును గూర్చిన సంపుటములను ప్రకటించెను. వృక్షశాస్త్రజ్ఞుడు హ్యారీ గాడ్విను 1927లో ప్రయోగమునకు పూని, కొన్ని గళ్లలో తుంగను ఏటేటను, కొన్నిట రెండు, మూడు, నాలుగేండ్ల కొకమారును కోయించి, ఒకదానిని ముట్టక విడువగా, విడిచినది పొదలతో నిండిపోయెను. మనుష్యుని కొడవలియే ఆ నేలను నిలిపినదని ఇట్లు తేలెను.

అయినను అన్నియు నిలువలేదు. మిల్క్ పార్స్‌లీ మొక్కపై బ్రతుకు స్వాలోటెయిల్ సీతాకోకచిలుక 1950 దశకమున వికెన్‌నుండి అంతరించెను. 1975లో మరల తెచ్చి విడిచినవి 1976 నాటి అనావృష్టికి కోలుకొనక కొలది యేండ్లలో నశించినవి. బ్రిటనులో నేడది నార్ఫోకు సరస్సుల ప్రాంతమున మాత్రమే స్థిరముగా సంతానాభివృద్ధి చేయుచున్నది.