లంగరు రాయి వయసెంత?

సూరత్‌లో మా పక్క ఫ్లాట్‌లో ఉండే పెద్దాయన ద్వారక యాత్రకి వెళ్లొచ్చారు. ప్రసాదం చేతిలో పెడుతూ, "సముద్రంలో కృష్ణుడి కాలం నాటి లంగర్లు దొరికాయటండీ. ఇప్పుడేమంటారు మీ హేతువాదులు?" అన్నారు. నేను వాదన పెట్టుకోలేదు. ఆదివారం ఆయన్ని తాపీ ఒడ్డున చేపల పడవల దగ్గరికి తీసుకెళ్లాను.

అక్కడ ఒక చిన్న పడవలో లంగరు చూపించాను. ఒక బరువైన రాయి, దానికి బిగించిన కొయ్య కొమ్ములు, ఒక తాడు. అంతే. డబ్బు పెట్టి కొన్నది తాడు ఒక్కటే. "ఇది ఎప్పటిదై ఉంటుందండీ?" అని అడిగాను. "రెండు మూడేళ్లది కావచ్చు" అన్నారు. "ఇదే రాయి ఓ వందేళ్లు నీళ్లలో ఉండి బయటికొస్తే చెప్పగలరా?" అన్నాను. ఆయన మాట్లాడలేదు.

అసలు రాయికి కొమ్ములెందుకు? లెక్క చూడండి. ఘనపు సెంటీమీటరుకి 2.7 గ్రాములు తూగే రాయి 50 కిలోలది సముద్రంలో వేస్తే, నీళ్లలో దాని బరువు సుమారు 31 కిలోలే. అదే ఇనుమైతే 43 కిలోలుంటుంది. కాబట్టి ఉత్త బరువుని నమ్ముకుంటే పడవ ఆటుపోట్లకి లంగరుని ఈడ్చుకుపోతుంది. రాయికి కన్నాలు తొలిచి కొయ్య కొమ్ములు దూరిస్తే అవి అడుగున బురదలోనో ఇసుకలోనో గుచ్చుకుంటాయి. తాడు కూడా నీటి లోతుకి కొన్ని రెట్లు పొడవు వదలాలి. అప్పుడే లాగుడు పక్కకి పడి కొమ్ము ఇంకా లోతుకి దిగుతుంది. ఇనుము కొనలేని వాడు కనిపెట్టిన ఉపాయమిది.

ఇక ద్వారక సంగతి. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ తరఫున ఎస్.ఆర్. రావు గారి బృందం 1980లలో అక్కడ సముద్రం అడుగున వెతికింది. అప్పటి నుంచి వందకు పైగా రాతి లంగర్లు బయటపడ్డాయి. కొన్ని త్రికోణాకారంలో ఉన్నాయి. పైన తాడుకి ఒక గుండ్రటి కన్నం, కింద కొమ్ములకి రెండు చదరపు కన్నాలు. రావు గారు వీటిని సైప్రస్, సిరియాలలో దొరికిన క్రీ.పూ. 14-12 శతాబ్దాల లంగర్లతో పోల్చారు. లోథాల్‌ని తవ్వి తీసిన మనిషి ఆయన. ఆయన శ్రమని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆకారం పోలినంత మాత్రాన కాలం కూడా ఒకటే అవుతుందా?

అదే సంస్థకి చెందిన ఎ.ఎస్. గౌర్, సుందరేష్, శిలా త్రిపాఠి వంటి వారు తర్వాత ఈ ప్రశ్నే వేసుకున్నారు. ద్వారకలో స్తంభంలా పొడవుగా ఉండే లంగర్లు కూడా ఉన్నాయి. అలాంటివే ఒమన్‌లో, ఇరాన్ తీరంలోని సిరాఫ్‌లో, తూర్పు ఆఫ్రికాలో దొరికాయి. అవి క్రీ.శ. 9వ శతాబ్దం నుంచి సాగిన అరబ్బు వ్యాపారం నాటివి. అందువల్ల ద్వారక లంగర్లలో చాలా వరకు చారిత్రక, మధ్య యుగాలకి చెందినవని వారు తేల్చారు. మనం వాడే "లంగరు" అన్న మాట కూడా పారశీకం నుంచి వచ్చిందే.

నేను రక్షణ శాఖ పద్దుల్లో జీవితం గడిపినవాణ్ణి. తేదీ లేని వోచరు తెచ్చి ఏ సంవత్సరం ఖాతాలో రాయమన్నా నేను రాయను. రాతి లంగరు తేదీ లేని వోచరు. కార్బన్ పరీక్ష ఒకప్పుడు ప్రాణమున్న పదార్థానికే పనికొస్తుంది, రాయికి కాదు. కొమ్ముల కొయ్య మిగిలి ఉంటే పరీక్షించవచ్చు, కానీ అది ఎప్పుడో కుళ్లిపోయింది. ఇక కింద రాతి నేల మీద పడి ఉన్న వస్తువుకి మట్టి పొరల సాక్ష్యమూ ఉండదు. పోనీ రావు గారి తేదీనే ఒప్పుకుందాం. మన పంచాంగాలు కలియుగారంభం క్రీ.పూ. 3102 అంటాయి. రెంటికీ తేడా కనీసం 1,700 ఏళ్లు. ఈ పద్దు ఎలా సరిపెడతారు?

మరి ఒకేచోట అన్ని లంగర్లు ఎందుకున్నాయి? రాళ్ల మధ్య లంగరు ఇరుక్కుంటే సరంగు తాడు కోసుకుని పోతాడు. ఇంకో రాయి తొలుచుకోవచ్చు, పడవ పోతే మళ్లీ రాదు. అలా వందల ఏళ్లపాటు వచ్చిపోయిన నావికులు వదిలేసినవి పోగుపడ్డాయి. అంటే ద్వారక చాలాకాలం పాటు నడిచిన రేవు. అది చిన్న విషయమా? ఆ రాళ్లు తొలిచిన వాళ్ల పేర్లు ఏ పురాణంలోనూ లేవు. మిగిలిన ఆ ఒక్క గుర్తుని కూడా దేవుడి ఖాతాలో జమ కట్టేస్తే వాళ్లకి ఏం మిగులుతుంది?

మా పక్కింటాయన ఇదంతా ఒప్పుకున్నారా అంటే, లేదు. కానీ తిరిగి వచ్చేటప్పుడు, "ఆ కన్నం తొలవడానికి ఎన్నాళ్లు పడుతుందో" అన్నారు. ఆ ప్రశ్న చాలు నాకు.