సేనలో చేరుట – కోరిన పని

సేనలో చేరుట యొకటి, అందు తాను కోరిన పనిని దక్కించుకొనుట మఱియొకటి. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఇంట తెలుగును, బడిలో కన్నడమును పలుకుచు స్థిరపడిన మన కుటుంబములు ఈ భేదమును గుర్తింపవలసియున్నది. మన సీమ చరిత్రయే దీనిని బోధించుచున్నది.

పూర్వము చిక్కబళ్లాపురము, గుమ్మనాయకనపాళ్యము మొదలగు చోట్ల పాళెగాండ్రు ఏలిరి. పిమ్మట మైసూరు ఏలుబడి వచ్చెను. ఆ సైన్యమున మనిషి స్థానము అతడు వెంట తెచ్చుకొన్నదానిని బట్టి యుండెను. సొంత గుఱ్ఱముతో వచ్చినవాడు శిలేదారు. అతనికి జీతము హెచ్చు. కాని గుఱ్ఱపు మేతయు, అది చచ్చిన నష్టమును సాధారణముగా అతనివే. పరుల గుఱ్ఱమెక్కి కొలువు చేయువాడు బారుగీరు. ఊరు విడువ నొల్లనివానికి కందాచారము కలదు. ఆ బంట్లు శాంతికాలమున సేద్యము చేసికొనుచు, పిలుపు వచ్చినపుడు ఆయుధము పట్టుచుండిరి.

చిక్కబళ్లాపురమునకు దక్షిణమున నున్న దేవనహళ్లి కోటను 1749లో మైసూరు సేన ముట్టడించెను. అప్పటికే కొలువులో నున్న అన్న షాబాజు వెంట వచ్చి, హైదరలీ స్వచ్ఛందముగా పోరాడెను. అతని సాహసమును మెచ్చి నంజరాజు 50 గుఱ్ఱములపైనను, 200 కాల్బలముపైనను అధికారమిచ్చెను. అన్న ఆసరా అతనిని కోట గోడ దాక తెచ్చినది. అధికారమును తెచ్చినది అతని పోరాటమే.

గుఱ్ఱము లేని బీదవానికి చేతిపని ఆధారమైనది. 1780 సెప్టెంబరు 30న మదరాసు సెయింట్ జార్జి కోటలో రెండు పయనీరు దళములు ఏర్పడెను. అవియే 1831లో మదరాసు సాపర్లు అనిపించుకొని, 1834లో బెంగుళూరు చేరి, నేడు హలసూరు చెరువు చెంత మదరాసు ఇంజనీరు గ్రూపుగా వెలయుచున్నవి. వడ్రంగము, కమ్మరము, తాపీపని ఎఱిగిన తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ యువకులకు అచ్చట తగిన పని దొరకెను. బాటలు వేయుట, వంతెనలు కట్టుట వారి విధులు. ముళ్లకంచెలను పేల్చు 'బెంగుళూరు టార్పెడో' 1912లో వారి నడుమనే పుట్టెను.

నేడు గుఱ్ఱమునకు బదులు చదువు వచ్చినది. 2022లో అగ్నిపథము ప్రారంభమయ్యెను. అందు సేవ నాలుగేండ్లు. అటుపై నాలుగవ వంతు మందిని మించి నిలుపుకొనరు. సామాన్య విధులకు పదవ తరగతి చాలును. సాంకేతిక విభాగమునకు ఇంటరులో గణితము, భౌతిక, రసాయన శాస్త్రములు కావలెను. 2023 నుండి పదవ తరగతి పిమ్మట ఐ.టి.ఐ. శిక్షణ పొందినవారికిని త్రోవ తెఱచిరి. గుమాస్తా పనికి ఇంటరు మార్కులు ముఖ్యము. ఎనిమిదవ తరగతి చదివినవారికి ట్రేడ్స్‌మన్ విభాగమున కొన్ని పనులు కలవు. 2025లో ఒక అభ్యర్థి రెండు విభాగములను కోరుటకును, పరీక్షను తెలుగున గాని కన్నడమున గాని వ్రాయుటకును వీలు కల్పించిరి.

కాబట్టి కోరిన పని నిశ్చయమగునది పరుగు పందెపు మైదానమున కాదు. పదవ తరగతి ముగిసి, పిల్లవాడు తరువాతి చదువు నెంచుకొను నాడే. గణితమును విడిచినవానికి రెండేండ్ల తరువాత సాంకేతిక విభాగపు తలుపు తెఱచుట కష్టము. ఆ పిమ్మట నచ్చిన ఉద్యోగ మిప్పించెదమని రూకలడుగు దళారిని నమ్మి ఇంటిల్లిపాదియు మోసపోవుట మఱింత కష్టము. అర్హత యున్నవారిలోను తుది కేటాయింపు మార్కులను, ఖాళీలను బట్టి సేన చేయునదే. పెద్దలు ముందుగనే కూర్చుండి పిల్లవానితో ఈ మాట లాడుట మన సంఘమున ప్రతి ఇంటను జరుగవలెనని మేము కోరుచున్నాము.