ఇంజిన్ అరుగుదలను కొలిచే పని: ఒక చరిత్ర

మనవాళ్లు చాలామంది ఐటీఐ, డిప్లొమా, మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతున్నారు. "మెయింటెనెన్స్ అంటే నట్లు బిగించడమే కదా" అనే మాట మనలోనే వినిపిస్తుంది. అందుకే ఈసారి గ్యాస్ టర్బైన్ల చరిత్రలోంచి ఒక ముఖ్యమైన ఘట్టం రాస్తున్నాం.

విమానాల జెట్ ఇంజిన్లలోనూ, గ్యాస్‌తో కరెంటు తీసే ప్లాంట్లలోనూ ఉండేది గ్యాస్ టర్బైనే. గాలిని నొక్కి, అందులో ఇంధనం మండించి, ఆ వేడి వాయువుతో బ్లేడ్లను తిప్పుతుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే ఆ బ్లేడ్ల లోహం వేడికి కొద్దికొద్దిగా సాగుతుంది. స్టార్ట్ చేసి ఆపిన ప్రతిసారీ వేడెక్కి, చల్లారి సన్న పగుళ్లు పుడతాయి. పైపూత పోయిన చోట వేడి వాయువు లోహాన్ని తినేస్తుంది.

మొదట్లో విమాన కంపెనీలది ఒకటే లెక్క. ఇన్ని గంటలు తిరిగిందా, ఇంజిన్ దించు, మొత్తం విప్పు. పాతబడితే పాడవుతుందని నమ్మకం. 1960లలో అమెరికాలో పాత రికార్డులు తిరగేసి చూస్తే ఆ నమ్మకం నిలబడలేదు. 1968లో బోయింగ్ 747 కోసం కొత్త పద్ధతి రాశారు. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన నౌలన్, హీప్ తమ నివేదికలో లెక్క తేల్చారు: వయసుతో అరిగే లక్షణం కనిపించింది సుమారు 11 శాతం భాగాల్లోనే. డీసీ-8 విమానంలో 339 భాగాలకు గడువు ప్రకారం ఓవర్‌హాల్ ఉండేది. డీసీ-10కి వచ్చేసరికి అవి 7 అయ్యాయి.

మరి విప్పకుండా లోపలి సంగతి ఎలా తెలుస్తుంది? సన్నటి గొట్టంలాంటి బోరోస్కోప్‌ను లోపలికి పంపి బ్లేడ్లను చూస్తారు. ఆయిల్‌లో లోహపు రేణువులు వెతుకుతారు. వైబ్రేషన్, ఎగ్జాస్ట్ వేడి ఎలా మారుతున్నాయో రాసుకుంటూ పోతారు. డిస్కుల్లాంటి వాటికి మాత్రం గడువు అలాగే ఉంచారు, ఎందుకంటే డిస్కు పగిలితే ముక్కల్ని ఇంజిన్ కవచం ఆపలేదు.

1989 జులై 19న అదే జరిగింది. అదే యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన డీసీ-10 విమానం 232వ ఫ్లైట్‌గా వెళ్తుండగా తోక ఇంజిన్ ఫ్యాన్ డిస్కు గాల్లోనే పగిలింది. ముక్కలు తగిలి మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. సూ సిటీలో దిగబోతూ కూలింది. 296 మందిలో 112 మంది చనిపోయారు.

డిస్కు గడువు 18,000 ఫ్లైట్లు, పగిలింది 15,503 దగ్గర. టైటానియం కరిగించి తయారుచేసినప్పుడే లోపం పడింది, అక్కడి నుంచి పగులు పెరిగింది. అంతకు 760 ఫ్లైట్ల ముందు దాన్ని తనిఖీ కూడా చేశారు. మెరిసే ద్రవం పూసి, చీకట్లో అల్ట్రావయొలెట్ లైటు కింద పగుళ్లు వెతికే పరీక్ష అది. అప్పటికే పగులు దాదాపు అర అంగుళం ఉందని, అయినా దొరకలేదని దర్యాప్తులో తేలింది. తనిఖీ చేసే మనిషి పరిమితుల్ని ఆ వర్క్‌షాపు పద్ధతుల్లో సరిగా పట్టించుకోలేదని దర్యాప్తు సంస్థ రాసింది.

గడువు ఒక్కదాన్నే నమ్మితే లోపం ముందే పగలొచ్చు. కొలత ఒక్కదాన్నే నమ్మితే, కొలిచే కన్ను తప్పిపోవచ్చు. అందుకే రెండూ కావాలి. కొలిచేవాళ్లకు సరైన శిక్షణ, వెలుతురు, తగిన టైము ఇవ్వాలి. పగుళ్లు పట్టే ఈ పనిని ఎన్డీటీ అంటారు, దానికి వేరే సర్టిఫికెట్లు ఉన్నాయి. ఆ దారి ఎంచుకునే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: "బాగానే ఉంది" అని మీరు పెట్టే సంతకాన్ని నమ్మి వందలమంది విమానం ఎక్కుతారు.