ఎల్‌ఓఎస్ ఎర్రదీపం ఎక్కడ పుట్టింది?

హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్ టోకు దుకాణాల్లో గల్లాపెట్టె వెనక గోడకు ఒక తెల్ల ఇంటర్నెట్ డబ్బా వేలాడుతుంటుంది. దాని మీద ఆకుపచ్చ దీపాలు వరుసగా వెలుగుతుంటాయి. ఒక్క దీపం మాత్రం వెలగకపోతేనే మేలు. దాని కింద ఎల్‌ఓఎస్ అని మూడక్షరాలుంటాయి. లాభనష్టాల మధ్య పెరిగిన షావుకారు వాటిని కలిపి ‘లాస్’ అని చదువుకుంటే తప్పుబట్టలేం. అది ఎర్రగా మినుకుమంటే ఈ-వే బిల్లు దిగదు, బిల్లు చేతికి రానిదే సరుకు లారీ గంజ్ దాటదు.

అసలు మాట ‘లాస్ ఆఫ్ సిగ్నల్’. గాజుతీగలోంచి రావలసిన వెలుగు రావడం లేదని అర్థం.

ఈ దీపం కథ మొదలైంది లేజర్ పెంకితనంతో. సన్నని గాజుతీగలో కబుర్లు పంపవచ్చని చార్లెస్ కావ్ 1966లో చెప్పాడు. 1970లో కార్నింగ్ కంపెనీ అందుకు పనికొచ్చే తీగను తీసింది. మామూలు గది వేడిలో ఆగకుండా వెలిగే సెమీకండక్టర్ లేజర్ కూడా ఆ ఏడాదే వచ్చింది. మన దేశంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల మధ్య తొలి ఫైబర్ లైను 1979లో పుణెలో పడింది. తీగతో పెద్ద పేచీ లేదు, లేజర్‌తోనే తంటా. దానికి వేడి పడదు. వేడెక్కేకొద్దీ, వయసు మీరేకొద్దీ అదే వెలుగు ఇవ్వడానికి ఎక్కువ కరెంటు అడుగుతుంది.

అందుకని లేజర్ వెనక ఒక చిన్న ఫొటోడయోడ్‌ను కాపలా పెట్టారు. వెలుగు తగ్గితే అది కనిపెడుతుంది, నియంత్రణ సర్క్యూట్ కరెంటు పెంచుతుంది. ఎంత పెంచినా చాలకపోతే? లేదా అదుపు తప్పి వెలుగు మితిమీరి, తీగ కొస దగ్గర ఎవరి కంటికైనా ముప్పు వస్తే? అక్కడే ‘ఫాల్ట్’ సంకేతం అవసరపడింది.

2000 సెప్టెంబరులో పలు కంపెనీలు కలిసి లేజర్ ఇమిడిన ఎస్‌ఎఫ్‌పీ అనే బొటనవేలంత మాడ్యూల్‌కు ఉమ్మడి కొలతలు ఖాయం చేసుకున్నాయి. దాని 20 పిన్నుల్లో మూడు ఈ కథకు ముఖ్యం. రెండో పిన్ను ‘నా లేజర్ చెడింది’ అని చెబుతుంది. మూడోదాని ద్వారా, మాడ్యూల్ బిగించిన యంత్రం లేజర్‌ను ఆర్పేస్తుంది. ఎనిమిదోది ‘అవతలి నుంచి వెలుగు రావడం లేదు’ అంటుంది. లోపం తలెత్తాక 100 మైక్రోసెకన్లలోపే ఆ కబురు బయటికి రావాలన్నది నియమం.

ఇందులో ఒక పాత రైల్వే తెలివి దాగి ఉంది. చేతి సిగ్నల్ తీగ తెగితే ఎదురుబరువు ఆ చేతిని అడ్డంగా నిలబెట్టి ‘ఆగు’ అంటుంది. ఎస్‌ఎఫ్‌పీ కూడా అంతే. అంతా బాగున్నంత కాలం మాడ్యూలే రెండో, ఎనిమిదో పిన్నుల్ని కిందికి లాగి పట్టుకుంటుంది. మాడ్యూల్‌ను పీకేసినా, పిన్ను ఊడినా పట్టు వదిలి వోల్టేజి పైకి లేస్తుంది. యంత్రం దాన్ని లోపంగానే చదువుతుంది. ఇక్కడ మౌనం అంగీకారం కాదు, ఫిర్యాదు.

అవును, కాదు అనే జవాబులు కొంతకాలానికే చాలకుండా పోయాయి. ఎస్‌ఎఫ్‌ఎఫ్-8472 అనే ప్రమాణం అయిదు కొలతలు అడిగింది: వేడి, వోల్టేజి, లేజర్ కరెంటు, పంపే వెలుగు, అందే వెలుగు. డల్లాస్ సెమీకండక్టర్, దాన్ని 2001లో కొన్న మాక్సిమ్ లాంటి సంస్థలు వీటిని కొలిచి, హద్దులతో పోల్చి చూసే చిప్పులు చేశాయి. హద్దులు రెండంచెలు. మొదటిది దాటితే హెచ్చరిక, రెండోది దాటితే అలారం. లేజర్ ముసలిదవుతోందని అది ఆరిపోకముందే తెలిసిపోతుంది.

దుకాణాల దాకా ఫైబర్ తెచ్చిన జీపాన్ పద్ధతిలో ఒక తీగనే స్ప్లిటర్‌తో 32 లేదా 64 మంది పంచుకుంటారు. కబురు పంపడానికి ఒక్కొక్కరికీ ఒక్కో క్షణం వంతు. ఒక దుకాణం లేజర్ వంతు మరచి వెలుగుతూనే ఉంటే మిగతావాళ్ల మాట వినబడదు. లేజర్‌ను ఆర్పే అధికారం యంత్రానికి ఎందుకో ఇక్కడ తేటపడుతుంది. ఇక కరెంటు పోయినప్పుడు డబ్బా తనలో మిగిలిన కొద్దిపాటి విద్యుత్తుతో చివరి కబురు ఒకటి పంపుతుంది. ఇంజనీర్లు దాన్ని ‘డైయింగ్ గాస్ప్’, అంటే ఆఖరి ఊపిరి అంటారు. అది అందితే కరెంటు పోయిందని, అందకుండా లైను మూగబోతే తీగ తెగిందేమోనని కంపెనీకి ఆనవాలు.

తెలుగు నేల మీద ఈ కాపలాకు పని ఎక్కువే. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్‌లో సుమారు 24 వేల కిలోమీటర్ల తీగ కరెంటు స్తంభాల మీదే నడిచింది. తెలంగాణ టీ-ఫైబర్ మిషన్ భగీరథ నీటి గొట్టాల కందకాల్లోంచి సాగింది. మామూలు రకం మాడ్యూళ్లు 70 డిగ్రీల దాకానే ఓర్చుకుంటాయి. మే నెలలో మేడ మీది ఇనుప పెట్టెలో ఆ హద్దు మరీ దూరంలో ఉండదు.

ఎర్రదీపం వెలిగితే డబ్బాను ఆపి మళ్లీ వేయడం వల్ల సాధారణంగా ఫలితం ఉండదు. వెనక ఆకుపచ్చ కొస సరిగ్గా కూర్చుందా, తీగ బస్తా కింద నలిగిందా అన్నది ముందు చూసుకోవాలి. కొస ఊడి ఉంటే మాత్రం కంటికెదురుగా పెట్టుకుని తొంగి చూడొద్దు. అందులో వచ్చే 1490 నానోమీటర్ల వెలుగు కంటికి కనబడదు.