విద్యాలయ పీఠముపై తెలుగు సహోదరి



మన ఆకివీటి ప్రాంతపు సువార్త చరిత్రను 1880వ సంవత్సరముతో ఆరంభించుట వాడుక. ఆ యేడు కెనడా బాప్తిస్టు మిషనువారు ఇచ్చట ఒక కేంద్రము నెలకొల్పిరి. జాన్ క్రెయిగ్ దొరగారు ఇచ్చట కాపురముండి సేవచేసిరి. వారి పేరు మన పెద్దలకు తెలియును. అయితే ఈ చరిత్రలో స్త్రీలు మోసిన భాగము తక్కువైనది కాదు. 1870వ దశాబ్దములోనే కెనడా దేశపు బాప్తిస్టు స్త్రీలు తమలో తాము మిషను సమాజములు ఏర్పరచుకొని, చిన్న కానుకలు కూడబెట్టి, సేవకురాండ్రను మన తెలుగు దేశమునకు పంపసాగిరి. ఆకివీటి స్టార్ ఆఫ్ హోప్ ఆసుపత్రి అనగానే డాక్టరు పెర్ల్ చూట్ దొరసానిగారి పేరు జ్ఞాపకమునకు వచ్చును. పడవలే ప్రయాణ సాధనములైన ఆ దినములలో కొల్లేటి పల్లెల తల్లులకు వైద్యురాలు దొరకుట ఎంతటి మేలో ఊహించుకొనుడి.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. ఆసుపత్రి నడుపుట మందులిచ్చుట మాత్రమే కాదు. లెక్కలు చూడవలెను, పనివారిని నియమింపవలెను, ఏది ముందో ఏది వెనుకో తేల్చి చెప్పవలెను. దొరసానులు ఇవన్నియు చేయుచుండగా మన పెద్దలు ఒప్పుకొనిరి. కాని మన తెలుగు సహోదరీలకు ఏ స్థానము దొరికెను? వారు బైబిలు స్త్రీలుగా ఎండలో పల్లె పల్లె తిరిగిరి. నర్సులుగా రాత్రులు మేలుకొనిరి. పంతులమ్మలుగా అక్షరములు దిద్దించిరి. భారము వారిది, అధికారము మాత్రము చాలకాలము పరదేశపు సహోదరిది. తెలుగు స్త్రీ ఒక పెద్ద విద్యాలయపు ప్రధాన పీఠముపై కూర్చుండగలదా అను ప్రశ్నను అడిగినవారే అరుదు.

ఆ ప్రశ్నకు దేవుడు విశాఖపట్టణమునుండి జవాబు పంపెను. 1890లో ఆ పట్టణపు క్రైస్తవ కుటుంబములో హిల్డా లాజరస్ జన్మించెను. తండ్రి దానియేలు లాజరస్ గారు పాఠశాల నడపిన విద్యావేత్త. ఆడపిల్లకు ఉత్తరము చదువను వ్రాయను వచ్చిన చాలునని లోకమనుచుండిన కాలములో ఆయన కుమార్తె చదువును ఆపలేదు. ఆమె మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, ప్రసూతి వైద్యములో బంగారు పతకము పొంది, సముద్రముదాటి లండను, డబ్లినులలో ఉన్నత పరీక్షలు జయించి తిరిగివచ్చెను. 1917లో స్త్రీల వైద్యసేవలో ప్రవేశించెను. ఆ సేవలో ఒకచోట స్థిరముగా ఉండుట లేదు. ఎక్కడికి పంపిన అక్కడికి వెళ్లవలెను.

ఆమెకు ఒక్కసారిగా పెద్ద పదవి రాలేదు. ఇరువది సంవత్సరములకు పైగా ఆసుపత్రుల నడిపించుచు, నర్సులను మంత్రసానులను తరిఫీదు చేయుచు నేర్చుకొనెను. 1940లో ఢిల్లీలోని లేడీ హార్డింజి వైద్య కళాశాలకు ప్రిన్సిపాలాయెను. అది స్త్రీలకొరకే స్థాపింపబడిన వైద్య కళాశాల. 1943 మొదలు 1947 వరకు దేశమంతటి స్త్రీల వైద్యసేవకు ప్రధానాధికారిణిగా నుండెను. తరువాత వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆమెను పిలిచెను. 1948 మొదలు 1954 వరకు ఆమె ఆ సంస్థకు డైరెక్టరు. ఆ పీఠమెక్కిన మొట్టమొదటి భారతీయురాలు, భారతీయులలో పురుషులకంటెను ముందు, మన విశాఖపట్టణపు ఆడబిడ్డయే.

ఆ పిలుపు సుఖాసనమునకు పిలుపు కాదు. వెల్లూరు పనిని ఐడా స్కడరు అమ్మగారు 1900లో ఒక్క మంచముతో ఆరంభించి, 1918లో స్త్రీలకొరకు వైద్య పాఠశాల తెరచిరి. 1930వ దశాబ్దపు చివర మద్రాసు ప్రభుత్వము చిన్న డిప్లొమా చదువు ఇక చాలదు, ఎం.బి.బి.ఎస్. పట్టము ఉండవలెననెను. కట్టడములు కావలెను, ధనము కావలెను, అన్నిటికంటె పై చదువులు చదివిన అధ్యాపకులు కావలెను. లేనియెడల తలుపులు మూయవలసినదే. 1942లో ఎం.బి.బి.ఎస్. చదువు మొదలాయెను, 1947లో పురుషులను కూడ చేర్చుకొనిరి. ఇట్లు సంస్థ స్వరూపమే మారుచున్న సమయములో హిల్డా అమ్మగారు పగ్గములు పట్టిరి. పాల్ బ్రాండ్ గారు 1948లో కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్స ఆరంభించినదియు, జాకబ్ చాందీ గారు 1949లో నరముల వ్యాధులకు ప్రత్యేక విభాగము నెలకొల్పినదియు ఆమె నాయకత్వపు దినములలోనే. మంచి నాయకురాలు తానొక్కతే వెలుగదు; ఇతరుల వరములు వెలుగుటకు చోటిచ్చును. 1961లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించెను. 1978లో ఆమె ప్రభువునందు నిద్రించెను.

చదువరులారా, ఇంతటిది ఎట్లు సాధ్యమాయెను? ఆమె తెలివి, ప్రయాస నిజమే. అయితే తెలివిగల ఆడపిల్లలు మన పేటలలోను లేకపోలేదు. ఆమె దారిలో ముగ్గురు మూడు తలుపులు తెరచిరి. తండ్రి చదువు తలుపు తెరచెను. పై అధికారులు ఆమెకు సహాయకురాలి పనితో సరిపెట్టక బాధ్యత అప్పగించి అనుభవమునకు తలుపు తెరచిరి. వెల్లూరు సంస్థను కట్టిన పరదేశపు సహోదరీలు సమయమెరిగి పీఠమును ఈ దేశపు సహోదరికి అప్పగించిరి. ఈ మూడవ తలుపు తెరచుట అన్నిటికంటె కష్టము. ఏలయనగా చదువు చెప్పించువారు చాలమంది కలరు. తాము కూర్చున్న కుర్చీ విడిచి లేచువారు కొద్దిమందే.

స్త్రీ పెద్దరికము లేఖనములకు విరుద్ధమని కొందరు జంకుదురు. యోషీయా రాజు దినములలో దేవాలయమున ధర్మశాస్త్రగ్రంథము దొరకినప్పుడు ఏమి జరిగెనో జ్ఞాపకము చేసికొనుడి. అప్పటికి యిర్మీయా ప్రవచించుచునేయుండెను. అయినను ప్రధాన యాజకుడైన హిల్కీయాయు రాజు మంత్రులును ఆ గ్రంథపు సంగతి విచారించుటకు హుల్దా ప్రవక్త్రి యింటికి నడచి వెళ్లిరి. ఆమె యెరూషలేములో నివసించిన భాగమును ఆంగ్లేయుల పాత తర్జుమాలో కళాశాల అని వ్రాసిరి. ఆ పదము పట్టణపు రెండవ భాగమని ఇప్పటి పండితుల మాట. తర్జుమా ఎట్లున్నను, గ్రంథమును తేల్చి చెప్పుటకు స్త్రీ యింటికి పోవుట యాజకునికి అవమానమని తోచలేదు. విద్వాంసుడైన అపొల్లోకు ప్రిస్కిల్ల తన భర్తతో కూడ దేవుని మార్గమును మరి పూర్తిగా విశదపరచెను. పౌలు ఆమెను తన జతపనివారిలో నెంచెను.

ఇక మన సంగతి చూతము. ఏలూరులో సెయింట్ థెరీసా స్త్రీల కళాశాల 1953లోనే తెరువబడెను. తిరుపతిలో స్త్రీలకొరకు పద్మావతి విశ్వవిద్యాలయము 1983లో వెలసెను. మన బిడ్డలు బస్సులెక్కి ఏలూరు, తాడేపల్లిగూడెము, భీమవరములకు వెళ్లి చదువుచున్నారు. మంచిదే. కాని తరువాత?

కొల్లేటిని చూడుడి. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు అందులో పడుచుండును. సముద్రమునకు పోవుటకు మాత్రము మన ఉప్పుటేరు ఒక్కటే దారి. ఆ దారి పూడిన యెడల, లేక గుర్రపుడెక్క అడ్డుపడిన యెడల, వచ్చిన నీరు పొలములను ముంచును. వచ్చు దారులు పెంచి పోవుదారి పూడ్చిన మేలు కాదుగదా! మన ఆడపిల్లల చదువును అట్లే చేయుచున్నాము. బి.ఎస్సీ. వరకు పంపి, పి.హెచ్.డి. అనగానే పెండ్లి వయస్సు మించునందుము. లెక్చరరు ఉద్యోగము ఇంటికి దగ్గరనైతే సరే. ప్రిన్సిపాలుగా పై ఊరికి వేసిన యెడల వద్దని కాగితము వ్రాసి ఇమ్మందుము. అదే పిలుపు కుమారునికి వచ్చిన యెడల కృతజ్ఞతా కూడిక పెట్టుదుము. తలాంతును భూమిలో దాచిన దాసుని దూషించు మనము, కుమార్తె తలాంతును మన చేతులతోనే పాతిపెట్టుచున్నాము.

చట్టము కొన్ని అడ్డులు తీసినది. 2022 నాటి యు.జి.సి. నియమముల ప్రకారము పి.హెచ్.డి. చేయు స్త్రీకి మామూలు గడువుపైన రెండేండ్లు అదనముగా దొరకవచ్చును. ప్రసూతికిని శిశుపోషణకును 240 దినముల వరకు సెలవు కలదు. ఉద్యోగము చేయు తల్లికి మొదటి ఇద్దరు బిడ్డల కాన్పులకు జీతముతో కూడిన సెలవు 2017లో 26 వారములాయెను. ఈ సంగతులు తెలియక చదువు మానినవారు మీ సంఘములో ఉండిన వారికి చెప్పుడి. అయితే అత్తగారు బిడ్డను ఒడిలోనికి తీసికొననిదే, భర్త తనకు తాను అన్నము వడ్డించుకొననిదే చట్టము ఇంటి గడప దాటి లోపలికి రాదు.

కాబట్టి తండ్రులారా, కుమార్తెకు చదువుతో పాటు దూరపు ఊరికి వెళ్లుటకు ధైర్యము నియ్యుడి. సంఘపు పెద్దలారా, మన పాఠశాలల, కళాశాలల పాలకవర్గములలో సహోదరీలను ప్రార్థన చేయుటకు మాత్రమే గాక, లెక్కలు చూచుటకును తీర్మానించుటకును కూర్చుండబెట్టుడి. సహోదరులారా, స్త్రీ క్రింద పనిచేయవలసి వచ్చిన యెడల సణగక ప్రభువుకు చేసినట్లు చేయుడి. సహోదరీలారా, బాధ్యత మీ యొద్దకు వచ్చినప్పుడు నేను తగనని వెనుదీయకుడి. పంపువాడు తగిన శక్తి నిచ్చును. పై స్థానమునకు చేరినవారు వెనుక వచ్చు చెల్లెండ్రకు దారి చూపుడి.

మన పల్లెలలో ఏ పాకలో ఏ హిల్డా దీపము పెట్టుకొని చదువుచున్నదో ప్రభువు ఎరుగును. ఆమె తలుపు తట్టినప్పుడు తీయవలసినది మనమే. అట్టి మనస్సు దేవుడు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.