గుర్రమంటే భయం ఎందుకు? పానగల్లు నుంచి చందుపట్ల దాకా ఒక కథ

పెళ్లి బరాత్‌లో ఒక దృశ్యం మీరంతా చూసే ఉంటారు. పెళ్లికొడుకును గుర్రం ఎక్కిస్తారు. కింద బ్యాండు, టపాకాయలు, దోస్తుల డాన్సులు. పైన ఆయన మాత్రం జీనును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఎప్పుడు దించుతారా అని చూస్తుంటాడు. మనం నవ్వుకుంటాం. కానీ ఆ భయం ఆయన ఒక్కడిది కాదు. దాని వెనక మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాల చరిత్ర కొంత ఉంది. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు నల్లగొండ పట్టణం పక్కనే ఉన్న పానగల్లుకు వెళ్దాం. ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం చూడటానికి వెళ్లినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. కాకతీయ గణపతిదేవుడి కాలంలో ఈ పానగల్లు మొదలుకొని దక్షిణాన చాలా దూరం దాకా ఉన్న ప్రాంతాన్ని పాలించినవాడు కాయస్థ గంగయ సాహిణి. 'సాహిణి' అంటే ఏమిటి? గుర్రపు దళానికి అధిపతి. అంటే గుర్రాల సంగతి తెలిసినవాడికి ఒక రాజ్యమంత ప్రాంతాన్ని అప్పగించారన్నమాట. గుర్రాన్ని, దాని మీద కూర్చునే మనిషిని తయారుచేయడం అప్పట్లో అంత విలువైన విద్య.

ఎందుకంత విలువ? మంచి గుర్రాలు ఓడల మీద సముద్రం దాటి రావాలి. బోలెడు డబ్బు పెట్టాలి. 13వ శతాబ్దం చివర్లో దక్షిణ భారతానికి వచ్చిన మార్కోపోలో, తమిళ తీరంలో గుర్రాలను ఎలా చూసుకోవాలో తెలియక ఏటా ఎన్నో చచ్చిపోతున్నాయని రాశాడు. కొనడం ఒకెత్తు, సాకడం ఇంకొకెత్తు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇప్పుడు పానగల్లు నుంచి నకిరేకల్ మండలంలోని చందుపట్లకు వద్దాం. 1289 నవంబరు 27 నాటి శాసనం ఒకటి అక్కడ ఉంది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే సేవకుడు దేవుడికి భూమి ఇచ్చాడని అందులో ఉంది. ఆమె కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులోనే మరణించిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఈ అంబదేవుడు ఎవరో కాదు, గంగయ సాహిణి మేనల్లుడు. అంటే గుర్రపు విద్యలో పండిపోయిన ఇంటి మనిషి. అలాంటివాడి మీదికి వృద్ధాప్యంలో ఉన్న ఒక రాణి యుద్ధానికి బయలుదేరింది.

ఆమెకు భయం లేదని మనం ఎంత తేలిగ్గా అనేస్తాం! పుట్టుకతో వచ్చిన ధైర్యం అని కొట్టిపారేస్తాం. నాకైతే అది పొగడ్తలా వినిపించదు, ఆమె పడిన కష్టాన్ని తీసి పక్కన పెట్టినట్టు అనిపిస్తుంది. గుర్రం మీద ధైర్యం ఎవరికీ పుట్టుకతో రాదండీ. అది ఎక్కీ దిగీ, ఎక్కీ దిగీ రావాల్సిందే.

ఈ మాట పాత గ్రంథాలే చెబుతాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడి గురించి ఒక అధ్యాయం ఉంది. గుర్రాల్లో తీక్ష్ణం, భద్రం, మందం అని మూడు స్వభావాలు చెప్పి, దాన్ని బట్టే యుద్ధానికో, స్వారీకో వాడాలంటాడు. అందరికీ ఒకే గుర్రం కుదరదని దాని అర్థం. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు గ్రీకు రచయిత జెనోఫోన్ ఇంకో మాట చెప్పాడు: కోపంతో గుర్రం దగ్గరికి పోవద్దు; అది దేన్నైనా చూసి బెదిరితే కొట్టొద్దు, ఆ వస్తువును నువ్వే ముట్టుకుని చూపించి, మెల్లగా దగ్గరికి తీసుకుపో. కొడితే దాని భయం రెట్టింపవుతుంది.

మనిషి భయానికి కూడా మందు అదే. కానీ మన పల్లెల్లో గుర్రాన్ని దగ్గరగా ముట్టుకునే అవకాశం ఎంతమందికి దొరికింది? నిజాం కాలంలో వెట్టి ఎలా ఉండేదో పెద్దవాళ్లను అడగండి. అధికారి ఊళ్లోకి వస్తే ఆయనకు, ఆయన గుర్రానికి కావలసినవన్నీ ఊరే ఉచితంగా సమకూర్చాలి. గడ్డి కోసేది ఒకరు, మాలీషు చేసేది ఒకరు, ఎక్కేది మాత్రం ఇంకొకరు. గుర్రపు డెక్కల చప్పుడు వినబడితే జనం పక్కకు తప్పుకున్నారంటే, అది గుర్రానికి భయపడి కాదు, దాని మీద కూర్చున్నవాడికి భయపడి. 1946లో అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమురయ్య ప్రాణం ఇచ్చింది ఆ దొరతనానికి ఎదురు నిలిచే.

పాలమూరు వైపు ఇంకో ముచ్చట. వనపర్తి సంస్థానంలో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతో ఒక అశ్వదళం ఉండేది. తర్వాత అది నిజాం కొలువుకు వెళ్లింది. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ అనే పేట పేరు ఆ 'ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్' నుంచి వచ్చిందే. సొంత ఊరు వదిలి సముద్రం దాటి వచ్చినవాళ్లకు గుర్రం మీద పట్టే బతుకుతెరువైంది.

ఇవాళ్టి సంగతి చూద్దాం. 2009లో స్వీడన్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. గుర్రాన్ని నడిపిస్తున్న మనుషులకు, ఈసారి ఎదురుగా గొడుగు తెరుస్తామని చెప్పారు. నిజానికి తెరవలేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది. ఆ మాట వినని గుర్రం గుండె వేగం కూడా పెరిగింది! మన గాభరా దానికి అందిపోతుందన్నమాట.

అందుకే మంచి శిక్షకులు మొదటి రోజే ఎక్కించరు. ముందు బ్రష్‌తో తోమమంటారు, మేత పెట్టమంటారు, పక్కన నడవమంటారు. తర్వాత నెమ్మదైన పెద్ద వయసు గుర్రం. శిక్షకుడు పొడుగు తాడు పట్టుకుని గుండ్రంగా నడిపిస్తుంటే, పైనున్నవాళ్లు కళ్లెం వదిలి ఊపిరి తీసుకోవడం, దూరంగా చూడటం నేర్చుకుంటారు. పడితే మళ్లీ నడక నుంచే మొదలు. హైదరాబాద్ శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణలో స్వారీ కూడా భాగమే. గుర్రాన్ని ఎన్నడూ ముట్టని రైతుబిడ్డలు కూడా అక్కడ ఎక్కి కూర్చోవాల్సిందే.

ఒకప్పుడు ఎవరి గుర్రానికి గడ్డి కోశారో, వాళ్ల మనవరాలు ఇవాళ కళ్లెం పట్టుకోవచ్చు. వణికితే వణకనివ్వండి, తొందరపెట్టకండి. ఈసారి నకిరేకల్ దారిలో వెళ్తే చందుపట్లలో ఆగి ఆ శాసనం చూసి రండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.