సర్వేల్ గురుకుల పాఠశాల

తెలంగాణలోని యాదాద్రి భువనగిరి జిల్లా, సంస్థాన్ నారాయణపురం మండలం సర్వేల్ గ్రామంలో ఉన్న ప్రభుత్వ బాలుర గురుకుల ఉన్నత పాఠశాల. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి గురుకులం ఇదే. ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు హయాంలో 1971 నవంబర్‌లో మొదలైంది. సర్వోదయ నాయకుడు మద్ది నారాయణరెడ్డి ఇందుకు భూమి ఇచ్చారు.

లక్ష్యాలు: చదువులో చురుకైన పల్లె పిల్లలకు పేదరికం అడ్డు కాకూడదన్నది స్థాపనలోని మూల భావన. ప్రవేశ పరీక్షతో విద్యార్థులను ఎంపిక చేసి, ఉచితంగా చదువు, భోజనం, వసతి కల్పిస్తారు.

బోధన, విలువలు: పాఠ్యాంశాలు రాష్ట్ర బోర్డువే, తేడా అంతా రోజు గడిచే తీరులో ఉంటుంది. వ్యాయామం, ప్రార్థన, తరగతులు, ఆటలు, రాత్రి చదువు ఒకే ప్రాంగణంలో సాగుతాయి. వేర్వేరు కులాల, మతాల పిల్లలు ఒకే పంక్తిలో తింటారు, ఒకే గదిలో ఉంటారు. సమానత్వం, క్రమశిక్షణ, స్వావలంబన వారికి పరీక్ష కోసం చదివే పాఠాలు కావు, దినచర్యలో భాగం.

ప్రభావం: ఈ నమూనా రాష్ట్రమంతటా విస్తరించింది. పి.వి. కేంద్ర విద్యామంత్రిగా ఉన్నప్పుడు రూపుదిద్దుకున్న నవోదయ విద్యాలయాలకూ సర్వేల్ స్ఫూర్తి అని చెబుతారు.

పూర్వ విద్యార్థులు: తెలంగాణ మాజీ డీజీపీ ఎం. మహేందర్ రెడ్డి, ఐఏఎస్ అధికారిగా పనిచేసిన బుర్రా వెంకటేశం.